బాపు జేబులో ముక్కుమందు

మూత తిప్పగానే గొంతులో చేదు గుర్తొచ్చే ముక్కు చుక్కల సీసా ఒకటి నా బల్ల మీద ఉంది. కనుబొమ్మల మధ్య మేకు దిగ్గొడుతున్నట్టు నొప్పి, కిందికి వంగితే చాలు ప్రాణం పోతోంది. డాక్టరు సైనస్ అన్నారు. ఆవిరి పట్టమన్నారు, నొప్పికి మాత్ర రాశారు, చుక్కలు మాత్రం కొద్ది రోజులకు మించి వాడొద్దనీ, వాడితే ఆ మందే ముక్కును మూసేస్తుందనీ చెప్పారు. ఇంతే మాట! ఇది మా వాడలో ఎవరూ ఎందుకు చెప్పలేదని నాకు ఒళ్లు మండిపోయింది.

కరీంనగర్ పక్కన మాది నేతవాళ్ల ఊరు. మరమగ్గాలను మేం సాంచెలు అంటాం, అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం. మా ముందు గదిలో అవి ఆడుతుంటే బల్బు మీద, అవ్వ కొప్పులో, పెరుగు గిన్నె మూత మీద తెల్లటి నూలుదుమ్ము పేరుకునేది. వానాకాలం తడి నూలుకు పట్టిన గంజి పులిసిన వాసన, పక్కింట్లో మక్కగారెలు కాగే వాసన కలిసి వచ్చేవి. నూలు చుట్టే కండెలు ఖాళీ అయితే వాటితో కోటలు కట్టి ఆడుకునే మాతో సహా వాడంతా ముక్కుతోనే మాట్లాడేది.

మాకు జలుబు చేస్తే అవ్వ వావిలాకు మరగబెట్టి, మీద బొంత కప్పి, ఊపిరాడక మేం కేకలు వేసినా వదిలేది కాదు. నుదుటికి శొంఠి గంధం పట్టించేది, కళ్లు మండి నీళ్లు కారేవి. మందుల దుకాణంలో ఇచ్చే జలుబు గోలీ వేసుకుంటే బడిలో హాయిగా నిద్రపోయేవాళ్లం. బాపుకు ఆ గోలీ పనికిరాదు. ఆడుతున్న సాంచెల మధ్య కునికితే చెయ్యి ఎక్కడ పడుతుందో తెలియదు. అందుకే సాంచెల మీద పనిచేసే వాళ్లందరిలాగే ఆయనా నిద్ర రాని మందు పట్టుకున్నాడు, ముక్కు చుక్కలు. మొదట పొద్దున లేవగానే, తర్వాత బువ్వకు ముందు, చివరికి కండె మార్చినప్పుడల్లా తల వెనక్కి వంచేవాడు. మూసుకుపోయిన కొద్దీ ఇంకా వేసేవాడు, వేసిన కొద్దీ ఇంకా మూసుకుపోయేది.

సద్దుల బతుకమ్మ రోజు అవ్వ రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి కలిపి మలీద ముద్దలు చేస్తోంది. ఒక ముద్ద బాపుకిద్దామని ముందు గదిలోకి వెళ్లిన నాకు గుప్పున కమురు వాసన కొట్టింది.

"బాపూ, ఏదో కాల్తుంది!"

"ఏం కాల్తలేదు పో బిడ్డా. నాకైతే వాసన రాలే."

అప్పటికే ఆయన కాళ్ల దగ్గర మోటారు పొగ కక్కుతోంది. అవ్వ ఉరికొచ్చి కరెంటు బంద్ చేసింది. ఒకప్పుడు వీధి మలుపులో నిలబడి ఎవరింటి మోటారు వేడెక్కిందో వాసనతో చెప్పే మనిషి మా బాపు.

"గింత కమురు తెల్వకపోతే ఎట్లయ్యా?" అని అవ్వ ఆయన జేబులోంచి సీసా లాగి పెంకుల మీదికి విసిరేసింది. బాపు నా చేతిలోని మలీద ముద్ద తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. పొద్దుగూకేసరికి నోటితో ఊపిరి తీయలేక కొత్త సీసా తెచ్చుకున్నాడు. ఎన్నాళ్ల నుంచి వాడుతున్నావని అమ్మేవాడు అడగలేదు, డబ్బా మీది సన్నక్షరాలు ఇంగ్లీషులో ఉన్నాయి, చదవగలిగిన మేమూ చదవలేదు.

సాంచెలు పాత ఇనుప సామాను కింద అమ్ముడుపోయాయి. ముందు గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. గంజి వాసన లేదు, కండెలు లేవు, అవ్వ లేదు. నా దగ్గరే ఉంటున్న బాపు జేబులో సీసా మాత్రం ఉంది. ఇవాళ డాక్టరు మాట చెప్పి గట్టిగానే అరిచాను.

"బంద్ పెట్టు బాపూ! జర పరేషాన్ అయితది గని, వాసన మల్ల వస్తదేమో."

"సాంచెలే లేవు. ఇగ దేని వాసన చూడాలె బిడ్డా?"

కోపంగా వంటింట్లోకి వెళ్లి, పండక్కి నేను చేసిన మలీద తెచ్చి ఆయన అరచేతిలో పెట్టాను. ముక్కు దగ్గరికి తీసుకుని, తల అడ్డంగా ఊపి, "నువ్వు చూడు" అన్నట్టు నా వైపు చాపాడు. దిబ్బడేసిన నా ముక్కుతో నేనూ చూశాను. ఏమీ రాలేదు.