ఉజ్మా వాళ్ల గట్టి పరుపు

ఉజ్మా గురించి ఎవరడిగినా ముందు నా తప్పు ఒప్పుకుని మరీ మొదలుపెడతాను. ఏలూరులో మా స్కూలు జిమ్నాస్టిక్స్ జట్టులో అయిదుగురం ఉంటే, పని చేసేది ఉజ్మా ఒక్కతే. మిగతా నలుగురం పని చెడగొట్టేవాళ్లం. ఆ నలుగురిలో నాది ఫస్టు ర్యాంకు. చదువులో ఎలాగూ రాని ర్యాంకు ఇక్కడైనా వచ్చిందని నేను సరిపెట్టుకునేదాన్ని.

అది 2006. మేం తొమ్మిదో తరగతి. అసలు జట్టులో ఎందుకు చేరామంటారా, సాయంత్రం ఆఖరి పీరియడు లెక్కలు. ఆటల్లో ఉన్నవాళ్లని డ్రిల్లు మాస్టారు నెహెమ్యా గారు ఆ పీరియడుకే బయటికి పిలిచేవారు. అంతకు మించి కారణం లేదు. నేనూ, స్నేహలతా, ఖుష్బూ, కొల్లేటికోట నుంచి వచ్చి హాస్టల్లో ఉండే, ఆ ఊరి అమ్మవారి పేరే పెట్టుకున్న పెద్దింట్లూ లెక్కల నుంచి పారిపోయి వచ్చి గ్రౌండు పక్క రేకుల షెడ్డులో కూలబడేవాళ్లం. మాస్టారు చేతిలో విజిల్ ఉందన్న మాటే గానీ ఆయనకి కేకలెయ్యడం రాదు. కాస్త లేవండమ్మా, ఒక్కసారి చేద్దామమ్మా అని బతిమాలేవారు. మా ముందు ఆ బతిమాలడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఉజ్మాకి లెక్కల్లో నూటికి తొంభై దాటేవి. ఆ పిల్ల పారిపోయి రావాల్సిన అవసరమే లేదు. పాత బస్టాండు వెనక పరుపులు కుట్టే మొహిద్దీన్ గారి అమ్మాయి. ఏకిన దూది కుప్పల మీదికి దూకుతూ పెరిగింది కాబట్టి పడటమంటే భయం లేదు. వెనక్కి మొగ్గ వెయ్యాలని తన కోరిక. అంటే నిలబడ్డచోటి నుంచి వెనక్కి ఎగిరి, గాల్లో గుండ్రంగా తిరిగి, మళ్లీ రెండు కాళ్ల మీదా కదలకుండా నిలబడటం. మేం షెడ్డులో కూర్చుని, ఒసేయ్, మీ నాన్న పరుపులు కుడతారు గానీ విరిగిన నడుములు కుట్టరే అని ఏడిపించేవాళ్లం. తను నవ్వేసి మళ్లీ ఎగిరేది. ప్రాక్టీసు అయ్యాక షెడ్డు గోడ మీద సుద్దముక్కతో ఒక గీత గీసేది. ప్రాక్టీసు చేసిన ప్రతి రోజుకీ ఒక గీత. జూన్ నుంచి ఆ గోడ మీద స్కూలున్న ఒక్క రోజు కూడా తప్పిపోలేదు.

సెప్టెంబరులో జిల్లా పోటీల కాగితం వచ్చింది. పోటీలు తాడేపల్లిగూడెంలో. అక్కడ నెగ్గితే రాష్ట్ర పోటీలకి హైదరాబాదు వెళ్లొచ్చు. కానీ కాగితం చివర ఒక మెలిక ఉంది. స్కూలు నుంచి అయిదుగురూ వచ్చి, నేల మీద చెయ్యాల్సిన వరస అయిదుగురూ పూర్తి చెయ్యాలి. పిల్లిమొగ్గ, బండిచక్రంలా పక్కకి తిరిగే కార్ట్‌వీల్, చేతుల మీద నిలబడటం, వంతెనలా వంగడం. ఒక్కరు మధ్యలో వదిలేసినా ఆ స్కూలు మొత్తం లెక్కలోంచి పోతుంది. పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అంటారే, అలా ఉజ్మా హైదరాబాదు తెచ్చి మా నలుగురి ఒళ్లో పెట్టారు.

ఆ సాయంత్రం తను షెడ్డులోకొచ్చి మా ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"మీరు గెలవక్కర్లేదే. వరస పూర్తి చేస్తే చాలు. మీ నలుగురిదీ అయ్యాకే నా వంతు వస్తుంది."

నలుగురం చేతిలో చెయ్యేసి మాటిచ్చాం. ఆరంభశూరులం కదా, రెండు రోజులు అదరగొట్టాం. మూడో రోజు మోచేతులు గీరుకుపోయాయని, నేల గట్టిగా ఉందని, పరుపు లేనిదే మా వల్ల కాదని కూర్చున్నాం. సాకు దొరికిందని లోపల ఎంత సంబరపడ్డామో మాకే తెలుసు.

పరుపు అన్న మాట మొహిద్దీన్ గారి చెవిన పడింది. వారం తిరక్కుండా రిక్షాలో పెట్టించుకుని స్వయంగా వచ్చారు. పన్నెండడుగుల పరుపు, పెళ్లివారికి కుట్టినట్టు చారల గుడ్డ, నిండా బూరుగు దూది. ఆయన అరచేత్తో ఒక్క నొక్కు నొక్కి చెయ్యి తీశారు. అది నెమ్మదిగా ఊపిరి పీల్చుకుని పైకి లేచింది. నలభై ఏళ్లుగా కుడుతున్నానండీ మాస్టారూ, ఇంత దూది ఏ పెళ్లికూతురికీ పెట్టలేదండీ, పిల్లలకి దెబ్బ తగిలితే నన్నడగండి అని ఆయన అంటుంటే మొహం వెలిగిపోతోంది. మాస్టారుకి విషయం అర్థమైంది గానీ, ఆ మొహం చూసి నోరు పెగల్లేదు.

విషయం ఏమిటంటే, దాని మీద ఎగరడం ఎవరి తరమూ కాదు. కాలు వేస్తే చీలమండ దాకా దిగబడిపోతుంది. ఉజ్మా ఎగరబోతే కింద ఆధారం లేక పక్కకి ఒరిగిపడేది. లేచి మళ్లీ ఎగరబోయేది, మళ్లీ ఒరిగేది. మా సంగతి వేరు. మాకు స్వర్గం దిగొచ్చింది. లెక్కల పీరియడుకి పరుపెక్కితే ఇంటి బెల్లు దాకా దిగేవాళ్లం కాదు.

ఒకరోజు ఉజ్మా వచ్చేసరికి నలుగురం నిద్రపోతున్నాం. పెద్దింట్లు గురక కూడా పెడుతోంది. నాకు మెలకువ వచ్చి చూస్తే ఉజ్మా పరుపు పక్కన నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలీదు.

"ప్రభా, నాకొక్కదానికే పిచ్చేమోనే," అంది. "మీ నలుగురికీ అక్కర్లేనిది నాకు మాత్రం ఎందుకు?"

నేనేమన్నానో చెప్పమంటారా? అక్కర్లేకపోతే మానెయ్యవే, ఎవరేడ్చారు అని అటు తిరిగి పడుకున్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆ రోజు ఉజ్మా గోడ మీద గీత గియ్యకుండా వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మూడో రోజు మాస్టారు మమ్మల్ని పిలిచి, ఆ అమ్మాయి లేకపోతే ఈ జట్టెందుకమ్మా, రేపటి నుంచి లెక్కల క్లాసుకి వెళ్లిపోండి అన్నారు. ఆయన కోప్పడకుండా అన్న ఆ మాటకి మా పై ప్రాణాలు పైనే పోయాయి. వెళ్లి పిలుచుకురమ్మని మిగతా ముగ్గురూ నన్ను తోశారు. నిజం చెప్తున్నాను, నేను బయల్దేరింది లెక్కల భయంతోనే, స్నేహంతో కాదు.

కొట్టు దగ్గరికి వెళ్లేసరికి లోపల తండ్రీకూతుళ్లకి వాదన నడుస్తోంది. మొహిద్దీన్ గారు దబ్బనంతో పరుపు అంచు కుడుతూ తలెత్తడం లేదు. ఉజ్మా మూడు రోజులుగా అడుగుతున్నదొకటే, ఆ పరుపు విప్పి గట్టిగా కుట్టమని. ఆయన అంటున్నదీ ఒకటే, నా చేత్తో గట్టి పరుపు కుడితే రేపు నలుగురూ నా మొహాన ఉమ్మేస్తారని. అంటే ఆ పిల్ల మానేసి ఇంట్లో కూర్చోలేదు. మానెయ్యకుండా ఉండటానికే ఇంట్లో పోట్లాడుతోంది. నేనక్కడే సగం చచ్చాను.

నన్ను చూడగానే ఆయన పెద్దమనుషుల తీర్పు అడిగినట్టు అడిగారు.

"ఏమ్మా, నువ్వు చెప్పు. మన పరుపు ఎలా ఉంది?"

"పడుకుంటే లేవబుద్ధి కాదండీ బాబాయ్ గారూ," అన్నాను.

ఆయన మొహం విప్పారింది. చూశావా అన్నట్టు కూతురి వైపు చూశారు. ఉజ్మా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూశాక నా నోరు నా మాట వినలేదు.

"అందుకే మేం లేవట్లేదండీ. నెల నుంచి దాని మీద పడుకునే ఉన్నామండీ. మీ అమ్మాయి ఎగరబోయి రోజూ పడిపోతోందండీ."

దబ్బనం ఆగింది. ఆయన చేతులు దులుపుకుని, పదండి, నాకు చూపించండి అన్నారు. స్కూలుకొచ్చి షెడ్డు స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. ఉజ్మా ఆయన ఎదుటే ఎగిరింది, ఒరిగింది, భుజం మీద పడింది. రెండోసారీ అంతే. మూడోసారి ఎగరబోతుంటే ఆయన వచ్చి చెయ్యి పట్టుకుని ఆపేశారు. నలభై ఏళ్లు మనుషుల్ని పడుకోబెట్టడమే నేర్చుకున్నానమ్మా అన్నారు, అంతే.

మర్నాడు చూడాలి ఆ హడావుడి! గ్రౌండులో కూర్చుని ఆయన తన పనితనాన్ని తనే కుట్టు కుట్టుగా విప్పారు. బూరుగు దూది అంతా గోతాల్లోకి ఎత్తేశారు. దాని బదులు కొబ్బరి పీచు. పీచు పరిచి, పైన గుడ్డ కప్పి, మమ్మల్ని ఎక్కి తొక్కమన్నారు. తొక్కినంతా అణిగితే మళ్లీ పీచు, మళ్లీ తొక్కడం. మాస్టారులా బతిమాలే రకం కాదాయన. పడుకోడానికి కాదమ్మా ఇది, గట్టిగా తొక్కండి, ఎగిరి తొక్కండి అని పక్కనే కూర్చుని తరిమారు. మొదట ఏడుస్తూ తొక్కాం. గంట గడిచేసరికి ఎవరు ఎక్కువ ఎత్తు ఎగురుతారో చూద్దామని పందెం పడింది. మూడు సాయంత్రాలు అలా ఎగిరాం. ఒంట్లో ఇంత బలం ఉందని అంతవరకూ మాకెవరికీ తెలీదు. నాటు పడవలో నిలబడి గెడ వేస్తూ పెరిగిన పెద్దింట్లు, తొక్కీ తొక్కీ హుషారొచ్చి, ఎవరూ అడక్కుండానే కార్ట్‌వీల్ వేసేసింది. గురక పెట్టిన పిల్ల! మేం నోళ్లు తెరిచాం. దాన్ని చూసి ఖుష్బూ, ఖుష్బూని చూసి స్నేహలత, రోషం పుట్టుకొచ్చి నేను. అక్కడి నుంచి ఇరవై రోజులు ఎలా గడిచాయో తెలీదు. గోడ మీద ఉజ్మా గీతలు మళ్లీ మొదలయ్యాయి.

పోటీల రోజు పొద్దున్నే ప్యాసింజరెక్కాం. మొహిద్దీన్ గారు కొట్టు మూసేసి మాతో వచ్చారు. భీమడోలు, పూళ్ల దాటుతుంటే పెట్టెలో నడవంతా మాదే, వంగుతున్నాం, సాగుతున్నాం, టీ అమ్మేవాడికి దారివ్వలేదు. తాడేపల్లిగూడెంలో మిగతా స్కూళ్ల పిల్లలు రంగురంగుల దుస్తుల్లో మెరిసిపోతున్నారు. మావి డ్రిల్లు నిక్కర్లూ, ఇంట్లో కుట్టిన బనియన్లూ. అయినా నాకు భయం వెయ్యలేదు, ఆకలి కూడా వెయ్యలేదు, కాళ్లు ఒకచోట నిలవనంత ఉత్సాహంగా ఉంది.

స్నేహలత పూర్తి చేసింది. ఖుష్బూ పూర్తి చేసింది. పెద్దింట్లుకి చప్పట్లు కూడా పడ్డాయి. నాలుగో దాన్ని నేను. పిల్లిమొగ్గ బాగా వచ్చింది, కార్ట్‌వీల్ వచ్చింది. చేతుల మీద లేవగానే ఎడమ మోచెయ్యి మడతపడింది. పక్కటెముకల మీద దబ్బున పడ్డాను. ఊపిరి అందలేదు. బల్ల దగ్గర మార్కులేస్తున్నాయన నా వైపు చూసి కలం ఎత్తారు. పడుకుని ఉండిపోవడంలో నాకున్న అనుభవం ఆ జిల్లాలో ఎవరికీ లేదు. తల తిప్పితే హద్దు గీత అవతల ఉజ్మా కనిపించింది. లెమ్మని అనలేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది, అంతే. ఆ రోజు పరుపు పక్కన నిలబడిందే, అదే నిలబడటం. ఈసారి నేను అటు తిరగలేదు. లేచాను. ఏడుస్తూనే చేతుల మీద నిలబడ్డాను, ఏడుస్తూనే వంతెన వంగాను, చివరి నమస్కారం దాకా చేశాను.

ఇక ఉజ్మా. ఏం చెప్పను! వరస మొత్తం నీళ్లు తాగినంత సులువుగా చేసి, చివర మూలకెళ్లి నిలబడి, ఒక్కసారి ఊపిరి పీల్చి వెనక్కి ఎగిరింది. గాల్లో గుండ్రంగా తిరిగింది. దబ్ అని దిగింది. దిగిన కాళ్లు దిగినచోటే ఉన్నాయి, బెత్తెడు కూడా జరగలేదు. నేను పక్కటెముకల నొప్పి మర్చిపోయి గంతులేశాను. నవ్విన నాపచేనే పండిందని మాస్టారు కళ్లు తుడుచుకుంటుంటే, మొహిద్దీన్ గారు వంగి ఆ పోటీల పరుపుని బొటనవేలితో నొక్కి చూస్తున్నారు. ఇది మనదానికంటే మెత్తగా ఉందండీ మాస్టారూ అన్నారు, ఎంత గర్వంగానో.

ఉజ్మా ఒక్కతే రాష్ట్ర పోటీలకి ఎంపికైంది. మాస్టారుతో, వాళ్లమ్మతో హైదరాబాదు వెళ్లి, ముందు శిక్షణ శిబిరం, తర్వాత పోటీలు, మొత్తం పది పనిదినాలు స్కూల్లో లేదు. ఆరో స్థానం వచ్చింది. స్టేషన్ నుంచి ఇంటికి కూడా వెళ్లకుండా, సంచి భుజాన ఉండగానే షెడ్డుకొచ్చింది. రాగానే గోడ వైపు చూసింది. తను వెళ్లిన రోజు దగ్గరే గీతలు ఆగిపోయి ఉన్నాయి. తన మొహం వాడిపోయింది.

"నేను లేకపోతే మానేశారన్నమాట," అంది మెల్లగా.

మేం నలుగురం నేల చూపులు చూశాం. ఆ గోడ తనది. దాని మీద గీత గీసే మొహం మాకెక్కడిది? ఆ మాట చెప్పడానికీ సిగ్గేసింది.

సరిగ్గా అప్పుడే మొహిద్దీన్ గారు దబ్బనం, పురికొస పట్టుకుని షెడ్డులోకొచ్చారు. కూతుర్ని చూసి, వచ్చావా అని తల నిమిరి, పరుపు పక్కన చతికిలబడ్డారు.

"చూడమ్మా, నువ్వెళ్లాక రెండుచోట్ల కుట్టు తెగింది. ఇది మూడోది. రోజూ తొక్కి చంపుతున్నారు నీ వాళ్లు. నా కుట్టు తెగడం నా సర్వీసులో ఇదే మొదలు."

ఉజ్మా పరుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. కొత్త పురికొస వెంట వేలితో తడుముకుంటూ వెళ్లింది. మొదటి కుట్టు, రెండో కుట్టు, ఇంకా తెరుచుకునే ఉన్న మూడోది. అక్కడే కాసేపు ఉండిపోయింది. తర్వాత లేచి, గోడ గూట్లోంచి సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టింది.

నేను పది గీతలు గీశాను.