పడ్డవాళ్లను లేపే పాషా

చాంద్ పాషా తండ్రి ఎద్దుల కాళ్లకు నాడాలు కొట్టేవాడు. మణుగూరు రోడ్డుకు తారు పడింది. గనుల్లో కొలువులు దొరికిన తండాల వాళ్లు ఒక్కొక్కరే ఎడ్లను అమ్మి మోటర్‌సైకిళ్లు కొన్నారు. దాంతో ఆ పనికి కాలం చెల్లిపోయింది. పాషా సుత్తిని మూలకు పడేసి, అడవి అంచున రోడ్డు మెలితిరిగే చోట రేకుల కొట్టు వేసుకుని పంక్చర్లు వేయడం మొదలుపెట్టాడు.

పాషాకు నోటి దురుసు ఎక్కువ. గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాడికి గాలితో పాటు నాలుగు చీవాట్లు కూడా దొరికేవి. ఆ మలుపులో వారానికొకడైనా పడేవాడు. "పడ్డోళ్లే నీకు బేరం గద పాషా" అని ఎవడైనా ఎగతాళి చేస్తే అతనికి ఒళ్లు మండిపోయేది. ఎందుకంటే పడ్డ చప్పుడు వినగానే చేతిలో పని వదిలేసి మొదట పరిగెత్తేది తనే.

పడినవాడు ఏదో ఒకటి నేర్చుకునే లేచేవాడు. కాకపోతే ఎవడికి తోచింది వాడు నేర్చుకునేవాడు. ఒకడు హ్యాండిల్‌కు నిమ్మకాయలు కట్టాడు. ఇంకొకడు ఎరుపు అచ్చిరాలేదని బండికి నల్లరంగు వేయించాడు. హీరాలాల్ అనే గని కార్మికుడైతే లోపలికి దిగేటప్పుడు పెట్టుకునే టోపీని బండి మీద కూడా తీసేవాడు కాదు. "దానికి లైటు గూడ పెట్టుకో, తొవ్వల బొగ్గు దొరుకుతదేమో" అని పాషా ఏడిపించేవాడు. మెల్లగా పోవాలన్న సంగతి మాత్రం ఎవడి బుర్రకూ ఎక్కలేదు.

ఎడ్లు పోవడంతో ఇంకో చిక్కు వచ్చిపడింది. కళ్లంలో పంట తొక్కించడానికి దిక్కు లేదు. అందుకని మాఘమాసం వచ్చేసరికి తండావాళ్లు ఉలవ కట్టెను తెచ్చి తారురోడ్డు మీద పరిచేవారు. బొగ్గు లారీలు దాని మీదుగా పోతే గింజ రాలుతుంది. లారీకీ లారీకీ మధ్య ఆడవాళ్లు ఉరికి వచ్చి కట్టెను తిరగేసేవారు. లారీకి అదొక లెక్క కాదు. రెండు చక్రాల బండివాడు ఆ గింజల మీద బ్రేకు వేశాడంటే మాత్రం ఇక అంతే సంగతులు.

ఎనభై నాలుగులో హేమ్లా పడింది అలాగే.

హేమ్లా పక్క తండావాడు. పాషాకు తోడబుట్టినవాడి లెక్క. గనిలో పని దొరికిన ఏడాదే ఎడ్లను అమ్మి రాజ్‌దూత్ కొన్నాడు. రోజూ డ్యూటీకి పోతూ వస్తూ కొట్టు దగ్గర ఆగి, ఒక చాయ్‌ని ఇద్దరూ పంచుకుని, పాషా చేత తిట్లు తిని పోయేవాడు. ఆ రోజు రాత్రి డ్యూటీ దిగి, పొద్దెక్కిన తర్వాత నిద్రకళ్లతో ఇంటికి వస్తున్నాడు. తను డ్యూటీలో ఉండగా భార్య బాలి తెల్లారగట్ల వచ్చి మలుపు అవతల తమ చేని ఉలవలు పరిచిందని అతనికి తెలియదు.

చప్పుడు విని పాషా మలుపు తిరిగి వచ్చేసరికి హేమ్లా బండి పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. బాలి అవతలి కొస నుంచి ఏడుస్తూ పరిగెత్తుకొస్తోంది. ఎక్కడా పెద్ద నెత్తురు లేదు. పాషా అందరూ చేసేదే చేశాడు. చంకల కింద చేతులు పోనిచ్చి లేపి కూర్చోబెట్టాడు. ముఖాన నీళ్లు కొట్టి, గ్లాసెడు తాగించాడు. వీపు నిమిరి "ఏం కాలే, ఏం కాలే" అన్నాడు. అంతలో అదే తండా పూల్‌సింగ్ బండి మీద వచ్చాడు. హేమ్లాను మధ్యలో కూర్చోబెట్టి, వెనక నుంచి పాషా గట్టిగా వాటేసుకుని దవాఖానాకు బయలుదేరారు.

రోడ్డంతా గుంతలు. గుంత వచ్చినప్పుడల్లా హేమ్లా "మెల్లగ అన్నా, మెల్లగ" అన్నాడు. సగం దారి పోయాక అనడం మానేశాడు. నొప్పి తగ్గిందనుకుని పాషా లోలోపల సంతోషించాడు.

డాక్టరు హేమ్లా అరికాళ్లను పెన్నుతో గీకి, కాళ్లు కదలకపోవడం చూసి తలెత్తాడు. "ఎట్లా తెచ్చారు ఇతన్ని?"

"బండి మీద సార్. నడుమ కూసోబెట్టుకొని."

"నడుం విరిగినవాణ్ణి కూర్చోబెట్టి తెస్తారా ఎవరైనా? పలక మీద పడుకోబెట్టి, కదలకుండా తేవాలి. వెన్నునరం ఇతను పడ్డప్పుడే దెబ్బతిందో, మీరు తెస్తుంటే దెబ్బతిందో ఇప్పుడు ఎవరు చెప్పగలరు?"

వరంగల్ పెద్దాసుపత్రికి కూడా తీసుకుపోయారు. అక్కడా ఎవరూ చెప్పలేకపోయారు. హేమ్లా మంచం మీద ఇంటికి వచ్చి, మళ్లీ ఆ మంచం దిగలేదు.

డాక్టరు అన్న ఆ మాట పాషాను తినేసింది. అన్నం ముందు కూర్చుంటే అదే, ట్యూబు అతికిస్తుంటే అదే. ఒకనాడు ఉండబట్టలేక హేమ్లానే అడిగాడు. "నిజం చెప్పు. నేను లేపకముందు నీ కాళ్లు ఆడినయా?"

"లేదన్నా. పడ్డప్పుడే పోయినయ్. నువ్వొచ్చేటాలకే నడుం కింద ఏం లేకుండె" అన్నాడు హేమ్లా.

బాలి అక్కడే ఉంది. ఆ మాట వినగానే లేచి లోపలికి పోయింది. తర్వాత కూడా పాషా అడుగుతూనే ఉన్నాడు, హేమ్లా అదే చెబుతూనే ఉన్నాడు. విన్నరోజు పాషాకు నిద్రపట్టేది. కొన్నాళ్లకు మళ్లీ అనుమానం మొదలయ్యేది.

ఆ తర్వాత అతను కొట్టు వెనక ఒక నులక మంచం, దానికి కట్టడానికి తాళ్లు తెచ్చి పెట్టుకున్నాడు. ఎవడు పడ్డా "ముట్టుకున్నోని చేతులిరగ్గొడ్త!" అంటూ గుంపును తరిమేసి, పడ్డవాణ్ణి పడ్డట్టే మంచం మీదికి జరిపించేవాడు. "పాషా మంచమెక్కినవా?" అనేది ఆ చుట్టుపక్కల ఒక వేళాకోళం అయిపోయింది. చాలామందికి మోకాళ్లు చెక్కుకుపోవడం, చెయ్యి విరగడం వరకే అయ్యేది కనుక మంచంతో బాగానే నడిచింది.

తొంభైలో వానాకాలం చివర జంపయ్య పడ్డాడు. చర్ల పక్క అడవి ఊరి నుంచి వచ్చి మణుగూరు కాలనీ క్యాంటీన్‌లో పనిచేసే కుర్రాడు. లారీల మీంచి రాలిన బొగ్గుపొడి వానకు తడిసి రోడ్డంతా జిగటగా ఉంది. బండి జారి, హ్యాండిల్ కొస కడుపులో గుచ్చుకున్నట్టు తగిలింది. పైకి చూస్తే గీత కూడా లేదు. మంచం మీద పడుకుని అందరితో మాట్లాడుతున్నాడు కూడా.

హీరాలాల్ బండి ఆపి, "నా బండి మీద ఎక్కియ్యి పాషా, జల్దీ పోదాం" అన్నాడు.

"నీకేం తెలుసురా? ఒకణ్ని అట్లనే తీస్కపోయిన" అని పాషా అతని మీదికి లేచాడు.

బొగ్గు లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. పాషా రోడ్డుకు అడ్డం పడి చేతులూపాడు. ఒక్కటీ ఆగలేదు. జంపయ్య మొహం పాలిపోతోంది. "అన్నా, ఎవరి బండి మీదనన్న ఎక్కియ్యరాదే, కడుపుల మంచిగ లేదు" అని బతిమాలాడు. పాషా అతని నుదురు తుడిచి, "ఓర్చుకో కొడుకా, లారీ వస్తది" అన్నాడు. చివరికి ఒక ట్రాక్టరు దొరికింది. మంచాన్ని ట్రాలీలోకి ఎక్కించి, అదరకుండా నలుగురు పట్టుకుని, మెల్లగా నడిపించుకుంటూ పోయారు. దవాఖానా గేటు దగ్గర చూస్తే జంపయ్యలో ఊపిరి లేదు.

"కడుపులో నెత్తురు పోయింది. ఇంకొంచెం ముందు తెచ్చి ఉండాల్సింది. బండ్లే దొరకలేదా?" అని అడిగాడు అక్కడి డాక్టరు. పాషా మంచం వైపు చూపించబోయి, చెయ్యి దించేసుకున్నాడు.

దినం అయిపోయిన మర్నాడు అతను తండాకు వెళ్లాడు. హేమ్లా గోడకు ఆనుకుని మంచం మీద ఉన్నాడు. బాలి వాకిట్లో చేటతో ఉలవలు చెరుగుతోంది. పాషా కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"నాకిప్పుడు తెలిసింది హేమ్లా. నీకు చేసిందే మంచి పని. జల్దీ తీస్కపోయిన గనుకనే నువ్వు దక్కినవ్. కాళ్లంటవా, అయి పడ్డప్పుడే పోయినయ్. మేం తెచ్చినందుకు కాదాయె. ఆ డాక్టర్ మాట పట్టుకొని ఆ పిలగాణ్ని చంపుకున్న. ఇగ రేపటిసంది ఎవడు పడ్డా లారీ కోసం ఎదురు చూసుడు లేదు. లేపుడు, బండి మీద కూసోబెట్టుడు, పోవుడే."

"అవ్ అన్నా" అన్నాడు హేమ్లా, అతని కళ్లలోకి చూడకుండా.

బాలి చేట కింద పెట్టింది. "అవ్ అంటవేందయ్యా? నీ మాట పట్టుకొని పోయి రేపు ఇంకోని నడుం ఇరుస్తడు."

"ఊకో బాలీ."

"ఊకుంట ఊకుంట నా గుండె రాయైంది. పాషన్నా, ఈయన పడ్డంక బండి ఇంజను ఇంకా నడుస్తుండె. మోకాళ్ల మీద పాక్కుంట పోయి బందు చేసిండు. నేను ఆ కొసనుంచి నా కండ్లతోని చూసిన. బందు చేసి, నడుం పట్టుకొని పండుకున్నడు. గప్పుడొచ్చినవ్ నువ్వు."

పాషా ఇన్నేళ్లుగా భయపడింది ఇదే. అయినా అది నిజమయ్యేసరికి ఎక్కడ నిలబడాలో తెలియనట్టు తలుపు చట్రాన్ని పట్టుకున్నాడు. "అవునా?" అన్నాడు.

హేమ్లా దుప్పటి కింద ఉన్న కాళ్ల వైపు చూశాడు. "పాకిన. ఎడమకాలు మంచిగనే ఆడింది."

"నాకెందుకు చెప్పలే మరి?"

"చెప్తే ఏం చేస్తుంటివన్నా? దుకాణం మూసుకొని పోతుంటివి."

బాలి కొంగుతో ముఖం తుడుచుకుంది. "నిన్ను తిట్టనీకి చెప్పలేదన్నా. ఆ ఉలవలు పరిచింది నేను గాదా? నిన్నేమంట? ఇంకొకర్ని మాత్రం అట్ల తీస్కపోకు."

"అట్ల తీస్కపోవద్దు" అన్నాడు పాషా. "ఇట్ల మంచం మీద తీస్కపోతే ఆడు పాయె. మరి ఎట్ల తీస్కపోవాలె చెల్లె? హేమ్లా, నువ్వన్న చెప్పు. రేపు ఒకడు పడ్తడు. పడకుంట ఉండడు. నేనేం చెయ్యాలె?"

బాలి భర్త వైపు చూసింది. హేమ్లా మంచం పట్టెను రెండు చేతులతో పట్టుకున్నాడు.

అవతల రోడ్డు మీద ఏదో బండి వేగంగా మలుపు వైపు వస్తున్న చప్పుడైంది. అది మలుపు దాటి దూరమయ్యేదాకా ముగ్గురూ ఊపిరి బిగబట్టి విన్నారు.