మోకాలి దాకా వైరు

ఆ రోజుల్లో పాట వినాలంటే మనిషికీ ఫోనుకీ మధ్య ఒక వైరు ఉండాల్సిందే. ఇప్పటి పిల్లలు చెవిలో చిక్కుడు గింజంత వస్తువు పెట్టుకుని గాలిలోంచే వింటున్నారు కాబట్టి వాళ్ళకి చెబితే నమ్మరు గానీ, రైలెక్కాక సగం ప్రయాణం ఆ వైరు చిక్కు విప్పుకోవడంతోనే సరిపోయేది. (విప్పి జేబులో పెట్టుకుంటే చాలు, లోపల ఎవరో కూర్చుని మళ్ళీ ముడులు వేసినట్టుండేది.) నేను చెప్పబోయేది పదేళ్ళ కిందటి సంగతి. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. మాది కొల్లిపర దగ్గర పల్లె, వ్యవసాయం చేసే ఇల్లు. చదువు అయిందనిపించుకుని, తెనాలిలో మా పెద్దమ్మ ఇంట్లో ఉంటూ, రేపల్లెలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ల గదిని కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం చేసేవాణ్ణి. పొద్దున తెనాలిలో ప్యాసింజరు ఎక్కడం, సాయంత్రం అదే రైల్లో వెనక్కి రావడం. ఆ ప్రయాణానికి ఉన్న ఒక్క సుఖం పాటలు. ఫోనుతోపాటు వచ్చిన ఇయర్‌ఫోన్లలో ఒకటి మూడో నెలకే మూగబోయింది. ఎడమ చెవిలో గాయకుడు, కుడి చెవిలో వేమూరు స్టేషను. ఇలా కాదని మంచి హెడ్‌ఫోన్లు కొందామని నిర్ణయించుకున్నాను.

నిర్ణయించుకున్నాను అన్నానే గానీ, నిర్ణయాలకీ నాకూ ఆమడ దూరం. చొక్కా కొనాలంటే మా పెద్దమ్మ ఊఁ అనాలి. హోటల్లో కూర్చుంటే పక్కవాడి ప్లేటులో ఏముందో చూసి గానీ టిఫిన్ చెప్పేవాణ్ణి కాదు. అలాంటివాడికి హెడ్‌ఫోన్లు ఎంచుకోవడమంటే మాటలా? చెవిలోపలికి దూరేవి ఉన్నాయి, చెవికి వేలాడేవి ఉన్నాయి, తలమీద కిరీటంలా కూర్చుని రెండు చెవులూ మూసేసేవి ఉన్నాయి. మళ్ళీ వాటిలో మైకు ఉన్నవీ లేనివీ, బాస్ ఎక్కువ ఉన్నవీ తక్కువ ఉన్నవీ, వైరు పొడుగువీ పొట్టివీ. నెల రోజులు కనపడినవాళ్ళనల్లా అడిగాను. చెవిలోపలికి దూరేవే మంచివని ఒకరంటే, వాటితో చెవి పోటు ఖాయమని ఇంకొకరు. అడిగినకొద్దీ నా బుర్రలో చిక్కు పడింది తప్ప తేలింది ఏమీ లేదు.

అప్పుడు నాకు శ్రుతి మాస్టారు గుర్తొచ్చారు. గుర్తు రావడమేమిటి, రోజూ నా ఎదురు సీట్లోనే కూర్చునేవారు. తెనాలి నుంచే వచ్చేవారు, రేపల్లె హైస్కూల్లో తెలుగు పండితులు, పదవీ విరమణకి దగ్గరపడ్డ మనిషి. అసలు పేరు ఎవరికీ పట్టదు. తెనాలిలో ఎక్కడ పాటకచేరీ జరిగినా ముందు వరసలో కూర్చునేవారు. గొంతు ఒక్క వెంట్రుకవాసి తప్పినా కనుబొమ్మలు ముడిచేవారు. ఆ కనుబొమ్మలకి భయపడి పాట ఆపేసి తంబురా సరిచేసుకున్న గాయకులున్నారని చెప్పుకునేవారు. ఇంత చెవి ఉన్న మనిషిని ఎదురుగా పెట్టుకుని ఊరందరినీ అడగడం నా తెలివితక్కువతనం అనిపించింది. పైగా ఆయన మాట్లాడే పద్ధతి కూడా నాకు మహా ఇష్టం. ఏదడిగినా వెంటనే జవాబు చెప్పరు. మన మొహంలోకి నిదానంగా చూసి, కాసేపు ఆలోచించి, ఒక్క ముక్క అనేవారు. ఆ ముక్కకీ నా ప్రశ్నకీ ఒక్కోసారి పొంతన దొరికేది కాదు. అది నా జ్ఞానం చాలకే అనుకునేవాణ్ణి.

రైలు భట్టిప్రోలు దాటాక ధైర్యం చేసి, మైకు ఉన్నది కొనమంటారా, లేనిది కొనమంటారా అని అడిగాను. మాస్టారు నా మొహం చూశారు. "లేనిదాన్ని ఎవడు కొంటాడు నాయనా? ఉన్నదే కొనాలి" అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. ఇంత వేదాంతం హెడ్‌ఫోన్లలో ఉందని ఎవరైనా అనుకుంటారా? మర్నాడు, బాస్ బాగా ఉంటే మంచిదేనా అని అడిగాను. "వద్దు. కుదుపెక్కువ. అరగంటకే తలనొప్పి" అన్నారు. అది కూడా సబబుగానే తోచింది. మూడో రోజు, వైరు ఏ మాత్రం ఉండాలంటారు అన్నాను. ఆయన కిటికీలోంచి పొలాలకేసి చూస్తూ, "మోకాలి దాకా వస్తే చాలు. ఇక భయం లేదు" అన్నారు. నేను చిన్న పుస్తకంలో రాసుకున్నాను. (నిజంగానే రాసుకున్నాను. మైకు ఉండాలి, బాస్ కూడదు, వైరు మోకాలి దాకా.)

ఒక ఆదివారం మాస్టారిని బతిమాలి తెనాలిలో బజారుకి తీసుకెళ్ళాను. సెల్‌ఫోను షాపాయన నాకు వరసకి అన్నేమీ కాదుగానీ అన్నా అనేవాణ్ణి. నేను నిలబడి జేబులోంచి పుస్తకం తీసి షరతులు చదివితే, ఆయన మూడోది విని నా మోకాలికేసి చూశాడు. ఒక్కొక్క జతా తీసి నా ఫోనుకి తగిలించి మాస్టారి చెవులకి పెట్టడం మొదలుపెట్టాడు. మాస్టారు కళ్ళు మూసుకుని వినేవారు, తల అడ్డంగా ఊపేవారు. "ప్రాణం లేదు" అన్నారు మొదటిదానికి. రెండోదానికి "ఉత్త గాలి" అన్నారు. ఏడు జతలు అలా వెళ్ళిపోయాయి. నాకు బాగున్నాయనిపించినవి కూడా వాటిలో రెండు ఉన్నాయి, కానీ మాస్టారి ముందు నా చెవి ఒక చెవేనా? చివరికి షాపాయనకి ఓపిక నశించింది. పైఅరలోంచి దుమ్ము పట్టిన పెట్టె దించి, రెండు ఎర్రటి కొబ్బరి చిప్పల్లాంటివి తీసి, మాస్టారి తలకి బిగించి, ఫోనులో సౌండు ఆఖరిదాకా పెంచేశాడు. మాస్టారు కళ్ళు తెరిచారు. ఆ కళ్ళల్లో నీళ్ళున్నాయి. "ఇదీ పాటంటే. మనిషి ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టుంది" అన్నారు. ఇంకేముంది, కొనేశాను. దానికి మైకు ఉంది. వైరు నేను నిలబడితే సరిగ్గా మోకాలి దాకా వచ్చింది.

సోమవారం రైల్లో పెట్టుకుని విందును కదా, డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టుంది. అరగంటకి చెవుల మీద రెండు చేతులా ఎవరో నొక్కినట్టు నొప్పి. అయినా తప్పు వస్తువుదని నాకు తట్టలేదు. నా చెవికి సంస్కారం లేదు, అలవాటు చెయ్యాలి అనుకున్నాను. ఆరు వారాలు అలవాటు చేశాను. అంతటితో ఆగానా? ఇందులోనే పాట ప్రాణం ఉందని రైలు పెట్టెలో అందరికీ ఉపన్యాసాలిచ్చాను. నా మాట నమ్మి అదే రైల్లో మా కాలేజీకి వచ్చే ఇద్దరు, ఒక మిల్లు గుమాస్తాగారు అవే తెప్పించుకున్నారు. నలుగురం ఎర్ర చిప్పలు తగిలించుకుని, మొహాలు బిగబట్టుకుని, బాగుంది బాగుంది అని ఒకరికొకరం తలలూపుకుంటూ రేపల్లె వెళ్ళేవాళ్ళం.

ఇలా ఉండగా మాస్టారికి బాపట్ల నుంచి పిలుపొచ్చింది. ఆయన కూతురు అక్కడ స్కూల్లో టీచరు. స్కూలు పిల్లలకి పాటల పోటీ పెట్టి, తండ్రిని న్యాయనిర్ణేతగా రమ్మంది. మాస్టారు నన్ను తోడు రమ్మన్నారు. వస్తూ హెడ్‌ఫోన్లు తెచ్చుకోమని రెండుసార్లు చెప్పారు. దారిలో నిడుబ్రోలు దాకా అరచేతులు పంచెకి తుడుచుకుంటూనే ఉన్నారు. అంత పెద్దమనిషికి భయమేమిటో నాకు అర్థం కాలేదు.

హాల్లో నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుని, ప్రతి పాటా ఫోనులో రికార్డు చెయ్యమన్నారు. ఒకరు పాడి దిగి ఇంకొకరు ఎక్కేలోపు నా హెడ్‌ఫోన్లు పెట్టుకుని, సౌండు ఆఖరిదాకా పెంచి, ఆ పాటలో కొంత విని మార్కులు వేసేవారు. పక్కన కూర్చున్న ఇంకో న్యాయనిర్ణేత, సంగీతం నేర్పే పెద్దావిడ, ఎంత శ్రద్ధండి మాస్టారిది అని నాతో మెల్లగా అన్నారు. నేను ఆ శ్రద్ధలో సగం నాదే అన్నట్టు నవ్వాను.

తొమ్మిదో పిల్ల పాట వింటుండగా మాస్టారు ముందుకు వంగారు. మోకాలి దాకే ఉన్న వైరు ఎంతని సాగుతుంది? పిన్ను ఊడిపోయింది. మరుక్షణం నా ఒళ్ళో ఉన్న ఫోను పూర్తి గొంతుతో అరవడం మొదలుపెట్టింది. హాలంతా ఉలిక్కిపడి మావైపు తిరిగింది. పిల్లలు చెవులు మూసుకుని పకపకా నవ్వుతున్నారు. నేను కంగారులో నొక్కాల్సిన చోట తప్ప అన్నిచోట్లా నొక్కుతున్నాను. ఆ గోల మధ్య మాస్టారు రెండు చిప్పలూ చేతులతో అదుముకుని, నావైపు తిరిగి అడిగారు.

"పాట ఆగిపోయిందేంటి నాయనా?"

ఫోను ఆగింది. నవ్వు కూడా ఆగింది. మాస్టారు అందరి మొహాలూ చూశారు, నా చేతిలో వేలాడుతున్న వైరు చూశారు. మెల్లగా హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డారు. "రెండేళ్ళ నుంచి నాకు సరిగ్గా వినపడటం లేదండి. ఈ అబ్బాయి ఫోనుతో వింటున్నాను. అభ్యంతరమైతే తప్పుకుంటాను" అన్నారు. సంగీతం నేర్పే పెద్దావిడ తన మార్కుల కాగితం మాస్టారి కాగితం పక్కన పెట్టి, రెండూ పైనుంచి కిందికి చూసి, ఆయన చెవి దగ్గరికి వంగి గట్టిగా, "మీవీ నావీ ఇంచుమించు ఒకటేనండి. కూర్చోండి అన్నయ్యగారూ" అన్నారు. పిన్ను మళ్ళీ గుచ్చాను. పోటీ సాగింది.

అయ్యాక కూతురు వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆమె ఎప్పుడు ఫోను చేసినా ఈయన, బాగున్నాం ఉంటాను అని పెట్టేసేవారట. "ఏదో కోపం పెట్టుకున్నావనుకున్నాను నాన్నా. రెండేళ్ళు" అంది. ఆయనకి వినపడిందో లేదో గానీ, ఆమె మొహం చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. ఆమె తల మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయారు. నేను వైరు చుట్టే పని పెట్టుకుని అటు తిరిగాను.

తిరుగు రైల్లో ఆయన కుడి చెవి దగ్గర కూర్చుని, నాకున్న పెద్ద సందేహం గట్టిగా అడిగాను. మరి వైరు మోకాలి దాకా ఉండాలన్నారెందుకు? మాస్టారు తెల్లబోయారు. "వైరా? పైరు కదా నువ్వడిగింది? కొల్లిపర వాడివి, మీ పొలంలో వరి సంగతి చెబుతున్నావనుకున్నాను" అన్నారు. మరి బాస్? "బస్సనుకున్నాను." మైకు మాటేమిటంటే, ఆ రోజు ఆయనకి వినపడింది ఉన్నది, లేనిది, కొనమంటారా అన్న మూడు మాటలేనట. రిటైరయ్యేదాకా ఎలాగోలా నెట్టుకొద్దామని, పెదవులు చూసి ఊహించి జవాబులు చెప్పేవారట. కచేరీల్లో ముందు వరస కూడా అందుకే. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ముందు నవ్వింది ఆయనే. ఇక ఆగలేదు. ఎదుటి సీటావిడ ఏమైందో తెలియకుండానే మాతోపాటు నవ్వింది.

తెనాలిలో దిగేటప్పుడు హెడ్‌ఫోన్లు ఆయనకే ఇచ్చేశాను. (త్యాగమేమీ కాదు, నా చెవులు నాకు దండం పెట్టాయి.) ఆ తర్వాత కూతురు ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి చెవికి మిషను పెట్టించే దాకా, రోజూ సాయంత్రం రైల్లో ఆమెతో ఆ మైకులోనే మాట్లాడేవారు. మాట్లాడటమంటే పెట్టె మొత్తానికి వినపడేలా. ఏ పూట ఏ కూర వండుకున్నారో, మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో మాకందరికీ కంఠతా వచ్చేసింది. ఒక్కరు కూడా విసుక్కోలేదు.

తర్వాతి ఆదివారం నేనొక్కణ్ణే షాపుకి వెళ్ళాను. మొదట బాగుందనిపించిన జతే మళ్ళీ పెట్టుకుని విన్నాను. బాగుంది. కొనుక్కుని బయటికి రావడానికి పది నిమిషాలు పట్టలేదు. నాకు నచ్చింది నేనే తెచ్చుకున్న మొదటి వస్తువు అది. ఆరు వారాలు నొప్పిని సంస్కారమనుకుని ఓర్చుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. వాడికి ఆ ఆదివారం కొత్త జతతో బజార్లోకి వచ్చినప్పుడు ఎంత గర్వంగా ఉందో నాకు బాగా గుర్తు. ఇక నా జీవితంలో ఎవరినీ ఏదీ అడగనక్కర్లేదనుకుంటూ వాడు ఇంటికెళ్ళి, పెట్టె విప్పి పెద్దమ్మ చేతిలో పెట్టి, బాగున్నాయా అని అడిగాడు.