చీపురు బావగారి హార్న్‌బిల్ జంట

మా అక్క భర్తను బంధువులూ తోటి పనివారూ కూడా చీపురు బావ అనే పిలిచేవారు. పక్షుల తోటలో ఇరవై ఆరేళ్లు కాపరిగా పనిచేసిన మనిషి. తెల్లవారగానే పంజరాల్లోని పురుగునూ చీమనూ బల్లినీ చీపురుతో తరిమి, సిమెంటు నేలను అద్దంలా మెరిసేదాకా కడిగేవారు. శుభ్రత గొప్ప గుణమని నేనూ ముప్ఫై ఏళ్లు పిల్లలకు బోధించాను. దాని మీద రాయించిన వ్యాసాలు దొంతర పెడితే నా ఎత్తు ఉంటాయి. వాటిలో ఏ ఒక్కదానిలోనూ శుభ్రత వల్ల కలిగే నష్టాలంటూ ఒక పేరా లేదు.

బావ ప్రాణమంతా ఒక హార్న్‌బిల్ జంట మీదే. పెద్ద ముక్కు, దాని మీద కొమ్ములాంటి డొప్ప. గుడ్లు పెట్టే కాలం వచ్చిందంటే ఆడపక్షి మొద్దు తొర్రలో దూరి, సన్నని చీలిక మాత్రం విడిచి, ద్వారాన్ని మట్టితో మూసుకుంటుంది. ఆ చీలికలోంచి మగపక్షి తిండి అందించాలి.

“సవతి మనిషయితే జుట్టు పట్టుకుందును. రెక్కలున్నదానితో ఏం పోట్లాడను?” అనేది అక్క.

పంజరం ముందు పలక మీద ‘ఫలాహారి’ అని ఉండేది. ఆ అక్షరాలు ముత్యాల్లా రాసిపెట్టింది నేనే. బొప్పాయి, అరటి, అంజూరం తప్ప బావ మరొకటి పెట్టి ఎరుగరు. వరసగా రెండేళ్లు పిల్లలు తొర్రలోనే చచ్చిపోయాయి. మళ్లీ అలాగే జరిగితే జంటను వేరే తోటకు పంపేస్తామని పై అధికారి తేల్చి చెప్పాడు.

మూడో ఏడు ఒక్కటే పిల్ల. అది పుట్టిన తొమ్మిదో నాడు, మధ్యాహ్నం బావ మా ఇంటికి వచ్చారు. అన్నం ముట్టలేదని ముఖమే చెప్పింది.

“పిల్ల గొంతు సన్నబడిపోతోందయ్యా మేష్టారూ. చెవి ఆనించినా వినబడీ వినబడనట్టుంది. ఒకసారి రా.”

“నేనొచ్చి ఏం చేస్తాను బావా, దానికి పాఠం చెప్పనా?”

“ఏదో ఒకటి చెయ్యి. నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు.”

వెళ్లాం. మగపక్షి బొప్పాయి ముక్క అందించింది. లోపలి ముక్కు దానిని అందుకుని బయటికి జారవిడిచింది. కింద అప్పటికే ముక్కల కుప్ప. అంతలో వల సందులోంచి పిచ్చుక ఒకటి పంజరంలోకి దూరింది. మగపక్షి దూకి దానిని కరుచుకుని కొమ్మకేసి బాదింది.

“వదులు, వదలరా,” అంటూ బావ చీపురు విసిరారు. పిచ్చుక కింద పడింది, ప్రాణం లేదు. ఎప్పటిలాగే దానిని చేటలోకి ఊడ్చేయబోయారు. మగపక్షి జంకకుండా ఆయన కాళ్ల దగ్గరకే దిగి, పిచ్చుకను లాక్కుని తొర్ర వద్దకు ఎగిరింది. ఈసారి లోపలి ముక్కు ఏదీ జారవిడవలేదు.

“పండ్లు తినే పక్షి కదా ఇది?” అన్నారు బావ.

“పెద్దవాటికి పండ్లు చాలు. పిల్లకు మాంసం కావాలేమో.”

“అయితే బల్లులూ పురుగులూ...” ఆయన చీపురు వంక చూసుకున్నారు. “దాని నోటికాడి కూడు రోజూ నేనే ఊడ్చి పారేశానా?”

గోడలూ మురుగుకాలవా గింజల కొట్టూ గాలించారు. ఇరవై ఆరేళ్ల శ్రద్ధ ఊరికే పోతుందా? బల్లి కాదు గదా, మిడత కూడా దొరకలేదు. బావ ఇంటికి పరుగెత్తాం.

“ఈయనున్న ఇంట్లో బల్లా? దానికేం పోయేకాలం? మా తమ్ముడింటికి పదండి, పుస్తకం కదిపితే సంసారాలే,” అంటూ అక్క అప్పటికే చెప్పులు తొడుక్కుంది.

ముగ్గురి వయసూ కలిపితే నూట డెబ్బై. బీరువాలు జరిపి, అట్టలు దులిపి, ఏడు బల్లులనూ గుప్పెడు బొద్దింకలనూ డబ్బాలో పట్టాం. తోటకు తెచ్చి పెడితే, మగపక్షి వాటిని ఒక్కొక్కటిగా చీలికలో అందించింది. లోపల మాత్రం చప్పుడు లేదు. బావ మొద్దుకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని, ఎంతసేపు నిలబడ్డారో చెప్పలేను. ఆయన వీపు మీద అక్క చెయ్యి ఉంది.

పొద్దు వాలుతుండగా వినబడింది. చెవి ఆనించనక్కరలేదు; దూరంగా ఉన్న నాకే వినబడింది.

“అరుస్తోందండీ, విన్నారా?” అంది అక్క.

బావ మొద్దును వదలలేదు.

“విన్నాను. పోయినవి కూడా మొదట్లో ఇలాగే అరిచేవి. ఆకలేమోనని ఇంకో బొప్పాయి కోసి పెట్టేవాణ్ణి.”