మా పార్కుకి కొంగలొచ్చిన ఆదివారం

ఆ రోజుల్లో నాకు బాగా చేతనైన పని భయపడటం ఒక్కటే. మిగతావన్నీ అరకొర. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివాను కాబట్టి (చదివినవి ఆకుల పేర్లే, వాటికి నీళ్లెక్కడి నుంచి తేవాలో ఎవరూ చెప్పలేదు) నెల్లూరులో ఇళ్ల మధ్య ఇరుక్కుపోయిన ఒక చిన్న పార్కుకి సూపర్‌వైజర్‌గా కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. పార్కంటే మరీ ఎక్కువ ఊహించుకోకండి. చుట్టూ మూడంతస్తుల మేడలు, బాల్కనీల నిండా ఆరేసిన చీరలు, మధ్యలో కాసిని బెంచీలు, రంగు పోయిన జారుడుబల్ల, ఓ పచ్చిక. నా ప్రాణమంతా ఆ పచ్చికలోనే ఉండేది. "పార్కులో కూర్చుంటే జీతమిస్తారంటమే!" అని నాన్న ఎగతాళి చేస్తే పౌరుషానికి పోయి చేరాను. ఉద్యోగం ఊడగొట్టుకుని ఇంట్లో కూర్చునే ముఖం నాకు లేదు.

నా భయాలన్నిటికీ పెద్ద ప్రెసిడెంటుగారు. రిటైరైన లెక్కల మాస్టారు, మా వాకర్ల సంఘానికి అధ్యక్షుడు. తెల్లారేసరికి మెడకి మఫ్లరు చుట్టుకుని (మన నెల్లూరు ఎండల్లో మఫ్లరు!) దిగేవారు. ఎక్కడ ఓ ఆకు పండినా ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు. కింద "గమనించగలరు" అని ఒకే ఒక్క మాట. తిట్టినా బాగుండేది. ఆ మాట చూడగానే నాకు కాఫీ కూడా సయించేది కాదు.

సరిగ్గా రోహిణీ కార్తెలో పార్కు బోరు మోటారు కాలిపోయింది. మెకానిక్కు ఇదిగో అదిగో అంటున్నాడు. పచ్చిక అంచులు పసుపుపచ్చగా మారుతున్నాయి. అప్పుడే కాంట్రాక్టరు ఫోన్ చేసి, "సోమవారం పెద్దాఫీసరు వస్తా ఉండాడు. పార్కు పచ్చగా ఉంటేనే నీ కాంట్రాక్టు పొడిగించేది" అని చల్లగా చెప్పి పెట్టేశాడు. ఊళ్లో ట్యాంకర్లన్నీ పెళ్లిళ్లకే చాలడం లేదు. చుట్టూ ఉన్న ఇళ్లలో సంపులున్నాయి, బోర్లున్నాయి, అడిగితే ఇచ్చేవాళ్లే. కానీ అడిగితే మోటారు సంగతి ప్రెసిడెంటుగారికి తెలిసిపోతుంది, తెలిస్తే గ్రూపులో "గమనించగలరు". నోరు మూసుకున్నాను.

ఆఖరికి అమ్మే అల్లూరులో రొయ్యల గుంటలు చేసే తన తమ్ముడికి ఫోన్ కలిపి నా చేతికిచ్చింది.

"ఓస్, దీనికా ఏడస్తా ఉండావు!" అన్నాడు మామ. "నిన్ననే రొయ్యల పట్టుబడి అయిపోయింది. గుంటలో నీళ్లు ఎట్టా తోడెయ్యాల్సిందే. ఓ ట్యాంకరు పంపిస్తాలే."

"ఉప్పగా ఉండవా మామా?"

"ఏం ఉప్పుమే? మా గట్టు మీద టెంకాయ చెట్లు చూడలేదా నువ్వు? ఆ నీళ్లు తాగే గదా అంత ఏపుగా ఉండేది! మేత కలిసిన నీళ్లు, ఎరువుతో సమానం."

మా బంధువర్గంలో ఆ టెంకాయ చెట్లు చూపించి ఏ వాదమైనా గెలవచ్చు. కొబ్బరి ఉప్పుని తట్టుకుంటుంది, గడ్డి తట్టుకోలేదు అని పరీక్షలో నేనే రాశాను. రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. భయంలో అది గుర్తొస్తే కదా!

ఆదివారం వేకువనే ట్యాంకరు వచ్చి, పైపుతో పచ్చికంతా తడిపి వెళ్లిపోయింది. నేను ఇంటికెళ్లి, చాలా రోజుల తర్వాత నిమ్మళంగా కాఫీ గ్లాసు అందుకున్నాను. ఫోన్ మోగింది. ప్రెసిడెంటుగారి ఫోటో. మా పచ్చిక మీద బారులు తీరిన తెల్ల కొంగలు. "గమనించగలరు."

స్కూటీ మీద ఎలా వెళ్లానో నాకు తెలియదు. గుంట అడుగున వలకి చిక్కని రొయ్యలన్నీ ట్యాంకర్లో ఎక్కి వచ్చాయి. గడ్డిలో ఎక్కడ చూసినా అవే, ఎగిరెగిరి పడుతున్నాయి. ఒక పక్క నుంచి కొంగలు, ఇంకో పక్క నుంచి వాకర్లు ఏరుతున్నారు. నడక ఎవరికీ గుర్తులేదు. ఒకాయన టోపీ నింపాడు, ఒకావిడ కొంగు నింపింది. "అంగట్లో ఇట్టాంటి సరుకు యాడ దొరకతాదిమ్మా!" అని నన్ను మెచ్చుకుంది కూడా. నేను మాత్రం అక్కడే కూలబడి, మడుగులో వేలు ముంచి నాలుకకి తగిలించుకున్నాను. ఉప్పు. అనుమానం లేదు, ఉప్పే. పచ్చికంతా మాడిపోతుంది, దాంతో నా ఉద్యోగం కూడా. చిన్నపిల్లలా భోరుమన్నాను.

తలెత్తితే ఎదురుగా ప్రెసిడెంటుగారు. వెక్కుతూనే మోటారు దగ్గర్నుంచి మామ దాకా అంతా చెప్పేశాను. అప్పుడు గమనించాను, ఆయన మెడ బోసిగా ఉంది. మఫ్లరు మూటై చేతిలో ఉంది, అందులోంచి నీళ్లు కారుతున్నాయి.

"మోటారు కాలిందని ముందే చెప్పేదానికేమమ్మా?" అన్నారు.

"మీరంటే భయం సార్."

ఆయన మొహం ఒక్కసారిగా చిన్నబోయింది. "మా సంపు నిండా నీళ్లుండాయి. పైపు పట్రా పో" అని, మూటని రెండో చేతిలోకి మార్చుకుని, మేడల వైపు తలెత్తి తరగతి గదిలో అరిచినట్టు అరిచారు. "రొయ్యలు ఏరుకున్నోళ్లంతా పైపులు దించండి!"

ఉప్పు తిన్న విశ్వాసమంటే ఏమిటో ఆ రోజు కళ్లారా చూశాను. ప్రతి బాల్కనీ నుంచీ ఓ పైపు దిగింది. ఉప్పు కొట్టుకుపోయేదాకా సాయంత్రం వరకూ పచ్చికని కడిగాం. చుట్టూ ఇళ్లలోంచి రొయ్యల వేపుడు ఘుమఘుమలు.

సోమవారం ఆఫీసరు వచ్చి గేటు దగ్గరే ఆగిపోయాడు. లోపలంతా బురద. ఇంకా ఆశ చావని కొంగలు నాలుగు మధ్యలో నిలబడి ఉన్నాయి. "ఊరి నడిమధ్యన ఇవేందమ్మా?" అన్నాడు. నేను పక్కనే ఉన్న ప్రెసిడెంటుగారి వైపు చూశాను.

"నేలపట్టు పక్షుల కేంద్రం నుంచి సార్," అన్నారు ప్రెసిడెంటుగారు, జీవితంలో అబద్ధమాడని గొంతుతో. "మన పచ్చదనం చూసి వచ్చినాయి."

ఆఫీసరు మురిసిపోయి కొంగలతో ఫోటో దిగాడు. గడ్డి వైపు చూడనే లేదు. నా కాంట్రాక్టు పొడిగించారు.

పచ్చిక చాలావరకు బతికింది. గేటు పక్కన, ట్యాంకరు పైపు మొదట కుమ్మరించిన చోట మాత్రం గడ్డి మళ్లీ మొలవలేదు. మామ వచ్చి చూసి, తల గోక్కుని, ఓ టెంకాయ మొక్క నాటి వెళ్లాడు. అది ఇప్పుడు రెండో అంతస్తు అందుకుంటోంది. నేనూ ఎదిగాను, ఊళ్లో చాలా పార్కులు నా కిందే ఉన్నాయి. మొన్న అటు వెళ్లినప్పుడు కాసేపు ఆ చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాను. పక్కింటి తలుపు తట్టడానికి భయపడి అల్లూరు దాకా నీళ్లకి పోయిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది, జాలీ వేసింది.

అంతలో ఫోన్ మోగింది. పైనుంచి తీసిన ఫోటో. టెంకాయ చెట్టు, దాని కింద నేను, నా పాపిట్లో తెల్లవెంట్రుకలు. "గమనించగలరు."

పాత అలవాటు కదా, ముందు ఎక్కడ ఆకు పండిందోనని చుట్టూ వెతికాను. తర్వాత తలెత్తి చూశాను. ఇప్పుడు మెట్లు దిగలేని ప్రెసిడెంటుగారు బాల్కనీలో కుర్చీ వేసుకుని, నాకేసి మఫ్లరు ఊపుతున్నారు.