గుడియాత్తం మగ్గం దిద్దిన ప్రశ్న

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. వేలూరులోని ఒక పరిశోధన సంస్థలో నేను హెల్త్ ఎకనమిస్టును. వైద్యం కోసం ఒక కుటుంబం ఏమేం పోగొట్టుకుంటుందో లెక్క తేల్చడం మా పని. నాది గర్భిణుల విభాగం. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు ఉచితం, టౌన్ బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు. అయినా గుడియాత్తం నేతవీధుల నుంచి చాలామంది చెకప్‌లకు రావడం లేదు. కారణం తెలుసుకోవడానికి సర్వే తలపెట్టాం. అసలు సర్వేకు ముందు కొన్ని ఇళ్లలో ప్రశ్నలను అడిగి చూసుకుంటాం. దాన్ని పైలట్ అంటారు.

పైలట్‌లో మూడో ఇల్లు నాగరత్నది. ఆమెకు ఏడో నెల. భర్త గుంటమగ్గం మీద లుంగీ నేస్తుంటే, ఆమె పక్కన కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. మాది ఆంధ్ర సరిహద్దు దగ్గరి పొన్నై అని, ఇంట్లో తెలుగే మాట్లాడతామని చెప్పగానే తమిళం వదిలేసి "అక్కా" అనడం మొదలుపెట్టింది.

"చెకప్‌కు పోతే ఎంత ఖర్చయింది?" అని అడిగాను.

"ఏమీ లేదక్కా. అంతా ఫ్రీనే."

"నీకు కూలి ఏమైనా పోయిందా?"

"నాకు కూలి ఎవరిచ్చేది?" అని నవ్వింది.

రెండు గళ్లలోనూ సున్నా వేశాను. "మరి రెండు తూర్లు చెకప్‌కు పోలేదే?"

ఆమె రాట్నం ఆపింది. "ఫ్రీ అంటే అయిపాయనా అక్కా? నేను పోతే కండెలు ఎవరు చుట్టేది? కండె లేకుంటే మగ్గం నిలిచిపోతాది. తోడుకు మా అత్త రావాల, ఆమె పనీ పాయె. నా ఒక్కదాని చెకప్‌కు ముగ్గురి పని నిలిచిపోతాది. అది రాసేదానికి నీ కాగితంలో చోటు యాడుండాది?"

చోటు లేదు. పని పోవడం వల్ల వచ్చే నష్టాన్ని మా శాస్త్రంలో ఇన్‌డైరెక్ట్ కాస్ట్ అంటారు. దాన్ని మేము గర్భిణికి వచ్చే కూలితోనే కొలుస్తున్నాం. కూలి లేని నాగరత్న వల్ల ఒక ఇంటి మగ్గం నడుస్తోందన్న సంగతి మా కంటికి ఆనలేదు.

ఇంతలో మాతో వచ్చిన నర్సు సెల్వి ఆమె పాదాల వాపు చూసి, తలనొప్పి ఉందా అని అడిగింది. నాలుగు రోజులుగా ఉందట. బీపీ బాగా ఎక్కువగా ఉండటం చూసి సెల్వి ముఖం మారిపోయింది. "ఇప్పుడే వేలూరుకు బయల్దేరాలి," అంది. నాగరత్న భర్త మగ్గం గుంటలోంచి ఒక్క ఉదుటున పైకొచ్చి, "మగ్గం ఎట్లన్నా పోనీ, పదండి," అన్నాడు. మా జీపులోనే తీసుకెళ్లాం. ఇంకొన్ని రోజులు ఆలస్యమైతే తల్లీబిడ్డలిద్దరికీ ముప్పేనన్నారు డాక్టరు. ఆమెను కొన్ని వారాలు ఆసుపత్రిలోనే ఉంచి, నెలలు నిండకముందే కాన్పు చేశారు. ఆడపిల్ల. బరువు తక్కువే గాని ఏడుపు వార్డంతా వినిపించింది.

నేను సర్వే ఆపేశాను. ప్రశ్న మార్చాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి మళ్లీ తీసుకోవాలి. గడువు దాటిపోతుందని మా విభాగాధిపతి కోప్పడ్డారు. "తప్పు ప్రశ్నతో గడువులోగా ముగించి ఏం చేస్తాం సార్?" అన్నాను. చివరికి ఆయన దరఖాస్తు మీద సంతకం పెట్టారు. అనుమతి వచ్చాక, నువ్వు చెకప్‌కు వెళ్తే ఇంట్లో ఎవరెవరి పని ఆగుతుందని వీధివీధినా అడిగాం. ఆసుపత్రికి దూరం చేస్తున్నది ఆ ఆగిన పనేనని తేలింది. మా వ్యాసాన్ని మొదటి జర్నల్, ఇది ఒక్క ఊరి సంగతి అంటూ తిప్పి పంపింది. రెండోది అచ్చువేసింది.

ఆ వ్యాసం చదివిన ఆరోగ్యశాఖ అధికారి ఒకరు గుడియాత్తంలో సమావేశం పెట్టారు. బిడ్డను చంకనేసుకుని నాగరత్న వచ్చింది. ఆయనతో తమిళంలో గట్టిగానే మాట్లాడింది: నేసిన లుంగీలు నూలిచ్చే యజమానికి అప్పజెప్పే రోజు మగ్గాలు ఎలాగూ ఆగుతాయి, ఆ రోజు చెకప్ చేయడానికి మీరే మా వీధికి రండి. ఆయన ఒప్పుకున్నారు. మొదటి రోజు వీధి బడిలో వేసిన బెంచీలు చాలలేదు. ఎన్నడూ చెకప్ గడప తొక్కనివాళ్లు కూడా అత్తల్ని వెంటబెట్టుకుని వచ్చారు. సెల్వికి అన్నం తినే తీరిక కూడా దొరకలేదు.

ఇతరుల పరిశోధనల్లో మన వ్యాసాన్ని ప్రస్తావిస్తే దాన్ని సైటేషన్ అంటారు. టీతోటల మీద, బీడీలు చుట్టే ఇళ్ల మీద పరిశోధన చేసేవాళ్లు మా ప్రశ్నను తమ సర్వేల్లో చేర్చుకున్నారు. అలాంటి వ్యాసం కనపడినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది. సర్వేలో పాల్గొన్నవారి పేర్లు అచ్చువేయకూడదు కాబట్టి, మా వ్యాసం చివర "మా ప్రశ్నను సరిదిద్దిన గుడియాత్తం నేతకారిణికి కృతజ్ఞతలు" అని మాత్రం రాయగలిగాను. ఆ వాక్యాన్ని తెలుగులో చెబితే నాగరత్న కళ్లు తుడుచుకుని, "డాక్టరేట్ చదివింది నువ్వు, దిద్దింది నేనా! ఇంకోసారి చెప్పక్కా, మా అత్త కూడా వినాల," అంది.

ఇప్పుడు నా దగ్గర చేరే విద్యార్థులను మొదటివారం ప్రశ్నావళి లేకుండానే ఇళ్లకు పంపుతాను. మన ప్రశ్నలో ఏముండాలో, జవాబు చెప్పేవాళ్ల పక్కన ఒక పూట కూర్చుంటేనే తెలుస్తుందని ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను.