గాగుల్స్‌కు బొట్టు

పట్టపగలు, సముద్రపొడ్డున, ఒక్క కళ్లద్దంతో అంతమందిని ఏడిపించిన ఆడదాన్ని మీరెప్పుడైనా చూశారా? ఆ ఘనురాలిని నేనే. జరిగిన ఘోరమంతా చెబుతాను, నవ్వకుండా వినండి.

మా సీనన్న దగ్గర ఇసుకలో తోలే బైకు ఒకటుంది. తడ ఊళ్లో ఆసామికెవరికో అమ్మేస్తానన్నాడు. నాకివ్వమన్నాను.

"ఆదివారం ఇసక పందెంలో కాలు కింద పెట్టకుండా చివరిదాకా రా మే. బండి నీది. పెట్టినావా, తడకి పోద్ది!"

నేను బడి గడప తొక్కలేదు, మా నాయన దగ్గరే చదువుకున్నాను. నాకదే మొదటి పరీక్ష. తప్పే ప్రసక్తే లేదనుకున్నాను.

ముందు గాగుల్స్ కావాలి. నెల్లూరులో అంగడాయన మూడు రకాల అద్దాలు బల్ల మీద పరిచాడు.

"నల్లది ఎండకమ్మా. పసుపుది మబ్బుకి. తెల్లది నీడకి."

"మా దారిలో ఎండా ఉంది, సరుగుడు తోపూ ఉంది."

"అయితే నల్లది తీసుకోండి."

"తోపులో చీకటైపోతే?"

"తెల్లది తీసుకోండి."

"ఇసక మీద ఎండ కొడితే?"

ఆయన మా అన్న వైపు తిరిగి, "అన్నా, మీ చెల్లెలు అద్దం కొనను రాలా, పిల్లకి సమ్మందం చూడను వచ్చినట్టుండాది" అన్నాడు.

ఎండకైతే కళ్లు చికిలించుకోవచ్చు, చీకట్లో మానును గుద్దితే చేసేదేముంది? తెల్లదే తీసుకున్నాను. ఆ ఎంపికకు ఇప్పటికీ నన్ను నేనే మెచ్చుకుంటాను. నా తెలివి మాత్రం అక్కడితో అయిపోయింది.

మా ఇంట్లో కొత్త వస్తువేదైనా, మిక్సీ అయినా సరే, బొట్టు పెట్టకుండా వాడం. ఆదివారం పొద్దున్నే గాగుల్స్‌ను అమ్మవారి పటం ముందు పెట్టి, కుంకుమ తడిపి, అద్దం పైఅంచున నిండుగా ఒక బొట్టు పెట్టాను. ఒకటి బోసిగా అనిపించి, ఆ పక్కా ఈ పక్కా మరో రెండు.

పందెం మొదలైంది. ఉప్పుకాలవ దాటుతుంటే ముందు బండి నీళ్లు చిమ్మింది. బొట్లు కరిగాయి. గ్లవుజుతో ఒక్క తుడుపు తుడిచాను. అంతే! ఇసుక ఎరుపు, ఆకాశం ఎరుపు, కొంగలు సైతం ఎరుపు. గాగుల్స్ కిందికి లాగితే ముందు బండ్లు లేపిన ఇసుక చేటతో కొట్టినట్టు కళ్లలో పడింది. ఆగి కడుక్కుందామంటే కాలు కింద పెట్టాలి. మళ్లీ తగిలించుకున్నాను. ఒక మూల గోరంత మిగిలిన తెలుపులోంచి, గింజను చూసే కోడిలా తల పక్కకు వాల్చి పోనిచ్చాను.

"తల్లీ, నువ్వు చూడు, నేను తోల్తా" అంటూ తోపు దాటాను.

ఒడ్డున చేపలు ఎండబెట్టే ఆడవాళ్లు లేచి చేతులూపుతున్నారు. బండి మోతలో మాట వినపడదు. ఆడకూతురు తోలుతోందని ఎంత అభిమానమో దేవుడా అని కృతజ్ఞతగా తల వంచాను. పందెంలో వాళ్లంతా ఒక్కొక్కరే బండ్లు ఆపి దిగుతున్నారు. పాపం, అలిసిపోయారని జాలిపడి దాటిపోయాను. ఒకతను చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు. అతన్నీ చుట్టి పోయాను.

చివరి గీత దాటగానే సీనన్న ఏడుస్తూ పరుగెత్తుకొచ్చాడు.

"ఆటో పిలవండ్రా! మే, యాడ పగిలింది?"

"ఏది?"

"తల! మొకమంతా రగతం, చొక్కా అంతా రగతం!"

వెనకే వచ్చిన చేపలామె నా చెంప మీద వేలు రాసి వాసన చూసింది.

"రగతం కాదు అబ్బయ్యా, కుంకం! జాతరకి సరిపోను పూసుకొచ్చినాది!"

సీనన్న ఇసుకలో చతికిలబడ్డాడు. "నిన్ను ఆపను అంతమంది బండ్లు దిగినారే, ఎందుకాగలేదు మే?"

"ఆగితే కాలు కింద పెట్టాల గదన్నా."

లేచి, బండి తాళం తీసి నా చేతిలో పెట్టాడు. మొదటి స్థానమూ నాకే వచ్చింది. రాక ఏం చేస్తుంది? మిగతావాళ్లంతా నన్ను ఆస్పత్రికి చేర్చడానికే ఆగిపోయారు కదా!

కనుక ఆ తల్లి పాదాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై బండికి కుంకుమ, చక్రానికి నిమ్మకాయ, నా నొసటికి విభూతి. అద్దానికి మాత్రం దూరం నుంచి ఒక్క దణ్ణం. అదీ పొడి చేతులతో.